ఎండాల్సిన మొక్కలు

పొద్దున్నే కిందికి దిగేసరికి మడిలో మట్టి తడిగా ఉంది. వాన పడలేదు. మంచు కురిసే కాలమూ కాదు. మెట్ల పక్క ఇనుప కడ్డీ పట్టుకుంటే చెయ్యి చుర్రుమనే ఎండలు. అయినా వేలితో గుచ్చి చూస్తే మట్టి గోటికింద అంటుకుంది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడమే నాకు అనుమానంగా అనిపించింది.

నా అనుమానాల సంగతి ముందే చెప్పేస్తే మంచిది. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పరీక్ష హాల్లో ఏళ్ళ తరబడి నిలబడ్డ కళ్ళు నావి. తల దించుకుని రాసేవాడిని వదిలేసి, ఫ్యాను వంక అమాయకంగా చూసేవాడి దగ్గరకే వెళ్ళేదాన్ని. జేబులో చీటీ దొరికేది. మా ఆయన దీన్ని జబ్బంటారు, నేను అనుభవం అంటాను. రిటైరయ్యాక ఈ అనుభవాన్నంతా ఏం చేసుకోవాలో తెలియక మా నాలుగంతస్తుల భవనానికి కార్యదర్శినయ్యాను.

మడి మా అక్క కూతురు వేసింది. అంతకుముందు అక్కడ లాను ఉండేది. రోజుకి రెండు పూటలా నీళ్ళు తాగేది, ఎండాకాలంలో మేం బకెట్లు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడితే అది మాత్రం పచ్చగా నవ్వేది. మా అక్క కూతురు పెద్ద పెద్ద హోటళ్ళ ముందు అలాంటి లాన్లే పరిచే కంపెనీలో పనిచేసి, ఒకరోజు ఆ ఉద్యోగం మానేసి మా ఇంటికొచ్చింది. భవనాలు రాకముందు ఈ నేలలో ఏం మొలిచేవో అవే మళ్ళీ నాటతానంది. పిల్లకి మతి చెడిందనుకున్నాను. అది నన్ను ఊరి చివర ఇంకా ఎవరూ చదును చెయ్యని ఒక దిబ్బ మీదికి తీసుకెళ్ళి, కొండగడ్డి దుబ్బు ఒకటి తవ్వి చూపించింది. పైన మోకాలెత్తు లేదు, కింద వేళ్ళు ఎంత తవ్వినా అయిపోలేదు. ఈ వేళ్ళ వెంట వాన నీళ్ళు లోపలికి దిగుతాయి పిన్నీ, మన బోరుకి అవే ఆధారం అంది. తేనెపట్టు పెట్టకుండా మట్టిలో కన్నాలు చేసుకుని బతికే తేనెటీగల్ని చూపించింది. వీటికి మీ లాను తిండి పెట్టదు, అది ఆకుపచ్చ సిమెంటు అంది. ఆ మాట నాకు నచ్చింది. వెనక్కి వచ్చి అందరితో పోట్లాడి లాను తీయించాను.

నాటే ముందు పార్కింగులో మీటింగు పెట్టి, మా పిల్ల ఒకే ఒక్క షరతు చెప్పింది. కొండగడ్డి, అడవి ఉల్లి, ఇంకా ఆ దిబ్బ మీది చిన్న చిన్న గడ్డ మొక్కలు ఎండాకాలంలో ఎండిపోతాయి. చచ్చిపోయినట్టే కనిపిస్తాయి గానీ కింద గడ్డలు నిద్రపోతుంటాయి. తొలకరి దాకా ఒక్క చుక్క నీళ్ళు కూడా పొయ్యకూడదు. కాలిన మట్టిలో తడి తగిలితే గడ్డలు కుళ్ళిపోతాయి. అందరూ తలలూపారు. మొదటి అంతస్తు షావుకారుగారు మాత్రం ఒక ప్రశ్న వేశారు. ఆయన ఒకప్పుడు బట్టల కొట్టు నడిపిన మనిషి. సాయంత్రాలు లాను మీద కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆయనకి ప్రాణం, లాను తీసేసినప్పుడు నాతో వారం మాట్లాడలేదు. ఒకవేళ ఎవరైనా నీళ్ళు పోస్తే ఏమవుతుందమ్మా అని అడిగారు. చచ్చిపోతాయండి అంది మా పిల్ల. ఆయన "ఓహో" అన్నారు. ఆ ఓహోని నేను అప్పుడే మనసులో దాచిపెట్టుకున్నాను.

తొలకరికి మొక్కలు లేచి నిలబడితే వెనక పెరడు కూడా మా పిల్లకే. ఎదురు భవనాల వాళ్ళు కూడా అదే చూసి నిర్ణయించుకుంటామన్నారు. లేవకపోతే మళ్ళీ లాను పడుతుంది, మా పిల్లేమో ఉద్యోగం మానేసినప్పుడు తనని చూసి నవ్విన పాత మేనేజరు దగ్గరికే వెళ్ళి ఉద్యోగం అడుక్కోవాలి. నేను ఊరుకోకుండా, మొక్కలు లేవకపోతే కార్యదర్శి పని వదిలేస్తానని అందరి ముందూ మాట ఇచ్చేశాను.

మా ఆయన ఆ మీటింగుకి రాలేదు. ఆయన మీటింగులకి రారు. ఫైర్ సర్వీసులో జీవితమంతా గడిపి వచ్చిన మనిషి, నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం ఆయనకి పడదు. ఆ రోజు పాలు పొయ్యి మీద పెట్టాను, చూస్తూ ఉండండి అని నేనే ఇంట్లో కూర్చోబెట్టి వెళ్ళాను.

ఎండలు ముదిరాక మడి గోధుమరంగుకి తిరిగింది. బాగానే ఉందనుకున్నాను. ఒకరోజు మా ఆయన బాల్కనీలో నిలబడి కిందికి చూస్తూ, ఇదంతా ఇలాగే ఎండుతుందా అని అడిగారు. మడి అవతల సరిగ్గా మధ్యకి ఎదురుగా గ్యాస్ సిలిండర్లు పెట్టే జాలీ గది ఉంది, ఆయన చూపు అటే ఉంది. ఎండాలి, దాని అందమే అది, మళ్ళీ మీ అగ్గి పురాణం మొదలెట్టకండి అని నవ్వేశాను. ఆయన పొయ్యి నాబ్ రోజుకి పదిసార్లు తిప్పి చూస్తారు. మా ఆయన అగ్గిపుల్ల కనబడితే బకెట్ వెతుక్కుంటారని నేను మెట్ల మీద అందరికీ చెప్పి నవ్విస్తుంటాను. ఆయన కూడా నవ్వుతారు. ఆ రోజు కూడా నవ్వి లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత కొన్నాళ్ళకి మడి మధ్యలో పచ్చటి మొలకలు కనిపించాయి. నేను సంబరపడి మా పిల్లకి ఫోన్ చేశాను. అది పరుగెత్తుకొచ్చింది. మొలకల్ని చూడగానే దాని మొహం పాలిపోయింది. ఒక అడవి ఉల్లిని వేలితో తవ్వి తీసింది. చేతిలో పెట్టుకుంటే అది గుజ్జులా జారిపోయింది. ఆ కంపుకి నేను ముక్కు మూసుకున్నాను.

"ఎవరో నీళ్ళు పోస్తున్నారు పిన్నీ. రోజూ పోస్తున్నారు."

ఈ సంగతి ఎవరికీ పొక్కనివ్వకు, నేను పట్టుకుంటాను అన్నాను. బాబాయికైనా చెప్దామా అని అడిగింది. వద్దన్నాను. మా ఆయనకి అబద్ధమాడటం చేతకాదు, ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. దర్యాప్తు ఇంట్లో కూడా చెప్పకూడదన్నది నా పరీక్షల నాటి పద్ధతి.

మర్నాడు పొద్దున్నే దిగి మట్టిలో వేలు గుచ్చి చూసింది అందుకే. ముందు వాచ్‌మన్‌ని పట్టుకున్నాను. పాలవాడు వచ్చి తలుపు కొడితే గానీ తను లేవనని అతనే ఒప్పుకున్నాడు. అది నిజమని భవనమంతటికీ తెలుసు. తర్వాత పైపు దగ్గరికి వెళ్ళాను. అది గుడ్డ పైపు, నీళ్ళు లేనప్పుడు చదునుగా అణిగిపోతుంది. వాచ్‌మన్ దాన్ని ఎప్పుడూ మేకుకి కుప్పగా తగిలించి పోతాడు. ఇప్పుడది అలా లేదు. సరిగ్గా మధ్యకి మడిచి, ఆ మడత దగ్గర్నుంచి బిగువుగా చుట్టి, రెండు కొసలూ బయటికి వచ్చేలా పెట్టి ఉంది. ఎక్కడా వంకర లేదు. ఇలా చుట్టే మనిషి జీవితంలో చుట్టడమే పనిగా పెట్టుకున్నవాడై ఉండాలి. మా భవనంలో జీవితమంతా బట్ట చుట్టిన చేతులు ఎవరివి? షావుకారుగారివి.

అక్కడితో ఆగలేదు. మర్నాడు పొద్దున ఆయన గుమ్మం ముందు నుంచి దిగుతూ చూస్తే చెప్పులు తడిగా ఉన్నాయి. ఆ మర్నాడు కూడా తడిగానే ఉన్నాయి. లాను మీద మమకారం, ఆ ఓహో, పైపు చుట్టిన తీరు, తడి చెప్పులు. పరీక్ష హాల్లో ఇందులో సగం దొరికినా పేపర్ లాగేసేదాన్ని.

అయినా కళ్ళతో చూడాలనిపించి ఒకరోజు తెల్లవారకముందే బాల్కనీలో కుర్చీ వేసుకున్నాను. మా ఆయన అప్పటికే లేచి వాకింగ్ బూట్లు వేసుకుంటున్నారు. నన్ను చూసి కాస్త తడబడ్డారు. ఏంటి ఇంత పొద్దున్నే లేచావన్నారు. నిద్ర పట్టలేదన్నాను. ఆయన బూట్లు విప్పేసి, టీ పెట్టి తెచ్చి, పక్కనే కూర్చున్నారు. ఇద్దరం బాగా తెల్లారేదాకా అలా కూర్చున్నాం. ఆయన కూడా కిందికే చూస్తున్నారు. పాపం నాకు తోడుగా వాకింగ్ మానుకున్నారే అని జాలిపడ్డాను. ఆ పూట మట్టి పొడిగా ఉంది. షావుకారుగారి కిటికీలోంచి మా బాల్కనీ కనిపిస్తుంది, నన్ను చూసి దిగలేదన్నమాట. అదీ లెక్కలోకి వేసుకున్నాను.

ఆ వారమే మీటింగు పిలిచాను. కుళ్ళిన గడ్డల్ని పళ్ళెంలో పెట్టి బల్ల మీద ఉంచాను. పైపు తెప్పించి, చుట్టింది చుట్టినట్టే పక్కన పెట్టాను. ఒక్కొక్కటే విడమర్చి చెప్పాను. ఈ మొక్కలకి నీళ్ళు విషమని భవనంలో అందరికీ తెలుసు, తెలిసి పోసినవాళ్ళు చంపాలనే పోశారు అన్నాను. ఆఖర్న షావుకారుగారి వైపు తిరిగి, మీరు చేసిన పనికి ఒక పిల్ల బతుకు పోతోంది అన్నాను. మా పిల్ల నా చీర కొంగు పట్టి లాగుతూనే ఉంది, నేను విదిలించుకున్నాను.

షావుకారుగారు లేచి నిలబడ్డారు. పైపు వంక చూసి, తర్వాత నా వంక చూశారు.

"నేను పొయ్యలేదు," అన్నారు.

"మరెవరు పోశారు?"

"అది నేను చెప్పను."

అంటే తెలుసన్నమాట అని ఎవరో అన్నారు. ఒక్కొక్కరే గొణగడం మొదలెట్టారు. ఆయన కోడలు తల దించుకుని పైకి వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఆయన పక్కన కూర్చునే పెద్దమనిషి కుర్చీ కాస్త అటు జరుపుకున్నాడు. నాకు గెలిచినట్టే ఉంది. మీటింగు అయ్యాక మెట్లెక్కుతుంటే షావుకారుగారు మలుపు దగ్గర గోడకి ఆనుకుని ఉన్నారు. నా కోసమే ఆగినట్టున్నారు.

"టీచరమ్మా, ఒక్కసారి మీ ఇంట్లో కూడా అడగండి," అన్నారు నెమ్మదిగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. అంటే మా పిల్లే తన మొక్కల్ని తను చంపుకుని నేరం ఇంకొకళ్ళ మీదికి తోస్తోందనా? జవాబు చెప్పకుండా పైకి వచ్చేశాను.

మా ఆయన మంచం మీద కూర్చుని బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నారు. అప్పటిదాకా దాచిందంతా ఒక్క ఊపున ఆయన ముందు కక్కేశాను. షావుకారు ఇంత కుళ్ళుబోతని అనుకోలేదు, తెల్లవారుజామున దొంగలా దిగి రోజూ నీళ్ళు పోసి చంపేశాడు, పైగా నన్నే ఇంట్లో అడుక్కోమంటాడా అన్నాను. ఆయన చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"నీళ్ళు పోస్తే చచ్చిపోతాయా?" అని అడిగారు.

"అందరికీ తెలిసిందే కదండీ. అది మొదటి రోజే చెప్పిందిగా."

"నాకు తెలీదు," అన్నారు ఆయన.

ఆయన పక్కన మంచం మీద బెల్టు ఉంది. మధ్యకి మడిచి, మడత దగ్గర్నుంచి బిగువుగా చుట్టి, రెండు కొసలూ బయటికి పెట్టి ఉంది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన బెల్టు అలాగే చుడతారు. తువ్వాలూ అంతే, ప్రయాణానికి పెట్టెలో పెట్టే పంచె కూడా అంతే. అలా చుడితే ఒక కొస పట్టుకుని విసరగానే పైపంతా పరుచుకుంటుంది, ఫైర్ స్టేషన్లో అందరం అలాగే చుడతామని కొత్తలో నాకు మురిపెంగా చూపించారు కూడా. భవనంలో అందరి చేతులూ పట్టి పట్టి చూశాను. ఆ చేతుల్ని మాత్రం చూడలేదు.

ఆ బెల్టు పక్కనే కూర్చున్నాను. ఆయన మెల్లగా చెప్పారు. వాకింగ్‌కి వెళ్ళేముందు రోజూ తడిపానన్నారు. సిలిండర్ల గది పక్కన అంత ఎండుగడ్డి, ఎవడో ఒకడు సిగరెట్ ముక్క విసిరితే చాలన్నారు. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదన్నారు. ఆయన ఎడమ చెయ్యి మోచేతి దాకా నున్నగా మెరుస్తుంటుంది, అక్కడ వెంట్రుకలు మొలవవు. ఆ చేత్తోనే తన స్నేహితుణ్ణి మంటల్లోంచి లాగారు. అతను బతకలేదు. ఆ కథ నాకు తెలుసు. అది రోడ్డు పక్క ఎండుగడ్డిలో మొదలైన మంట అని కూడా తెలుసు. తెలిసి కూడా ఆ గడ్డినీ ఈ గడ్డినీ పక్కపక్కన పెట్టి చూడలేకపోయాను.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాను.

"అడిగాను. ఇదంతా ఇలాగే ఎండుతుందా అని."

"అడిగితే?"

"నువ్వు నవ్వావు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికయ్యేది. భవనంలో ప్రతి గుమ్మానికీ వెళ్ళి నీళ్ళు పొయ్యొద్దని చెప్పాను, పనిమనుషులకీ పాలవాడికీ కూడా చెప్పాను. మా ఇంట్లో మనిషికి మాత్రం చెప్పలేదు. చెప్పకపోగా, ఆయన నోరు తెరిచి అడిగితే ఆ నోరు నేనే మూయించాను. నాకు ఏడుపొచ్చింది. ఆయన బూటు పక్కన పెట్టి, నా వీపు నిమురుతూ, పాపం మొక్కలు, పాపం పిల్ల అన్నారు. తన గురించి ఒక్క మాట అనలేదు.

ఇద్దరం షావుకారుగారింటికి వెళ్ళాం. తలుపు ఆయన కోడలు తీసింది, రమ్మని అనలేదు. గుమ్మంలోనే నిలబడి క్షమించమన్నాను. షావుకారుగారు మా ఆయన్ని రోజూ కిటికీలోంచి చూస్తున్నారట. మొక్కలు నీళ్ళకి చస్తాయన్నది ఆయన నమ్మలేదట, మడి పచ్చగా కనపడి నెగ్గాలని నేనే ఆయన్ని పంపి దొంగతనంగా నీళ్ళు పోయిస్తున్నానని అనుకున్నారట. నేను షావుకారుగారిని అనుమానించినన్నాళ్ళూ ఆయనా నన్ను అనుమానిస్తూనే ఉన్నారు. ఆ చెప్పులు మడిలో తడిసినవి కాదు, ఆయన రోజూ తన మొక్కల కుండీల దగ్గర కాళ్ళు కడుక్కున్నప్పుడు తడిసినవే. మీటింగులోనే ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను.

"అంతమంది ముందు ఆయన పేరు ఎలా చెప్పనమ్మా? మీరు నా పేరు చెప్పినట్టు చెప్పమంటారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన ముందుకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

మా పిల్లకి ఫోన్లో చెప్పే ధైర్యం లేక వాళ్ళింటికే వెళ్ళాను. మొత్తం వింది. "బాబాయికి చెప్దామని అన్నాను కదా పిన్నీ," అంది. తిట్టినా బాగుండేది.

మళ్ళీ మీటింగు పెట్టాను. మా ఆయన మొదటిసారి వచ్చారు, వెనక వరసలో కూర్చున్నారు. తనే లేచి చెప్తానన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. నీళ్ళు పోసింది మా ఇంటి మనిషి, పోసేలా చేసింది నేను, షావుకారుగారికి ఇందులో ఏ పాపం తెలీదు అని, ఆ బల్ల ముందే నిలబడి, అదే గొంతుతో చెప్పాను. కార్యదర్శి పని వదిలేస్తున్నానన్నాను. ఎవరూ కాదనలేదు, అలాగని ఆ పని తీసుకోవడానికీ ఎవరూ ముందుకి రాలేదు. ఇక లాను వేయించుకుందామని ఒకరు మొదలెట్టారు. అప్పుడు షావుకారుగారు లేచారు.

"నాకు లానే ఇష్టం, ఇప్పటికీ," అన్నారు. "కానీ ఆ మొక్కలు నీళ్ళు లేక చావలేదు, తాగి చచ్చాయి. ఆ అమ్మాయి చెప్పినట్టే జరిగింది. మిగిలినవాటిని వాన దాకా ఉండనివ్వండి."

ఆ తర్వాత మా పిల్ల మా ఆయన దగ్గరికి వెళ్ళి, సిలిండర్ల గదికి ఎంత దూరం ఉంటే మీకు నిద్ర పడుతుంది బాబాయ్ అని అడిగింది. ఆయన లేచి, గది గోడ దగ్గర్నుంచి పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ నడిచి, ఒకచోట మడమతో గీత గీశారు. మర్నాడు ఇద్దరూ కలిసి ఆ గీత దాకా ఉన్న దుబ్బులన్నీ తవ్వి అవతలికి మార్చి, ఆ ఖాళీలో కంకర పోశారు. నన్ను పిలవలేదు. పైనుంచి చూస్తూ నిలబడ్డాను.

తొలకరికి మడి అంచులన్నీ లేచాయి. కొండగడ్డి లేచింది, అడవి ఉల్లి కాడలు తొడిగింది, మట్టి కన్నాల్లోంచి ఆ చిన్న తేనెటీగలు వచ్చాయి. మధ్యలో పైపు నీళ్ళు పడ్డంత మేర మాత్రం బోడిగా ఉండిపోయింది. ఎదురు భవనాల్లో ఒకరు మా పిల్లకి పని ఇచ్చారు. రెండోవాళ్ళు ఇంకో ఏడాది చూస్తామన్నారు. ఆ బోడి జాగా లేకపోతే వాళ్ళూ ఇచ్చేవాళ్ళే.

మళ్ళీ ఎండలొచ్చాయి. మడి రంగు తిరగడం మొదలెట్టింది. మొన్న సాయంత్రం మా ఆయన బాల్కనీలో నిలబడి చాలాసేపు కిందికి చూసి, ఇదంతా మళ్ళీ ఎండుతుంది కదా అన్నారు. నాలుక మీదికి వచ్చిన హాస్యాన్ని మింగేసి ఆయన పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"ఎండుతుంది. భయంగా ఉందా?" అని అడిగాను.

ఆయన నా వంక ఆశ్చర్యంగా చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను అడగడం అదే మొదలు.

"ఉంది," అన్నారు.

చెప్పులేసుకుని ఇద్దరం కిందికి దిగాం. ఆయన కంకర మీద కూర్చుని, ఆ మంట గురించి మొదట్నుంచి చెప్పారు. చీకటి పడేదాకా విన్నాను.